మన అరుగుల మీద దారం: కోనసీమ ఇంటి చేతిపనుల చరిత్ర

 

స్వర్ణోత్సవ సంచిక అనగానే మనలో ఎవరెవరు డాక్టర్లయ్యారు, ఎవరు ఇంజనీర్లయ్యారు, ఎవరు అమెరికా వెళ్ళారు అన్న జాబితా ఉంటుంది. ఉండాలి కూడా. ఆ జాబితా చూసి గర్వపడే హక్కు మన ఊరికి ఉంది. కానీ ఆ జాబితాకు ముందు మరో జాబితా ఉండాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మన ఫీజులు, నోటు పుస్తకాలు, పండక్కి కుట్టించిన బట్టలు ఏ డబ్బుతో వచ్చాయి అన్న జాబితా అది. తండ్రి వృత్తి ఏమిటని అడిగితే రైతు, కూలి, మేష్టారు, మగ్గం నేత అని టకీమని చెప్పేవాళ్ళం. తల్లి ఏం చేస్తుందని అడిగితే "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాళ్ళం. ఆ ఇంట్లోనే ఉన్న తల్లి పొద్దుగూకే వరకు అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి అల్లుతూనో, కుడుతూనో, పేనుతూనో ఉండేది.

కోనసీమలో ఇంట్లో జరిగే చేతిపనికి పెద్ద చరిత్ర ఉంది. అది ఎన్నడూ తీరికవేళ కాలక్షేపం కాదు. ఈ తీరాన్ని సముద్రాలవతలి బజార్లతో ముడివేసిన పని అది. నాకు తెలిసినంత మేర ఆ చరిత్రను ఇక్కడ చెబుతాను.

పసుపు దారం

మన మురమళ్ళ నుంచే మొదలుపెడదాం. శ్రీ భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి ఇక్కడ నిత్యకల్యాణం. ఏడాది పొడుగునా పెళ్ళి జరిగే ఊరు మనది. పెళ్ళంటే ముందుగా కావలసింది దారం. కంకణానికి దారం, మంగళసూత్రానికి దారం. తెల్లని నూలు పోగులు కలిపి పేని, తడిపి, పసుపు పట్టిస్తారు. సహజ రంగులతో నూలుకు రంగు అద్దడం గురించి ఇప్పుడు పట్నాల్లో తరగతులు నడుపుతున్నారు. ఆ విద్యలో మొదటి పాఠం మన ప్రతి పెళ్ళింట్లోనూ జరుగుతూనే ఉంది.

పసుపు విశేషం ఏమిటంటే, అది నూలును వెంటనే పట్టుకుంటుంది. పటిక వంటివేవీ లేకపోయినా పడుతుంది. అయితే ఎండకు నిలవదు, నాలుగు రోజుల్లో వెలిసిపోతుంది. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి రంగు అలా వచ్చేదే. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అంతే. రసాయన శాస్త్రం పీరియడులో ఆమ్లం, క్షారం అని చదువుకున్నదాన్ని మన అమ్మమ్మలు హారతి పళ్ళెంలో చేసి చూపించారు. మనం రెంటినీ కలిపి చూసుకోలేదు, అంతే.

ఇంజరం బట్ట

2002లో ఎదుర్లంక వంతెన వచ్చేదాకా మనవాళ్ళు గౌతమిని రేవు దాటి యానాం వెళ్ళేవారు. యానాం మీదుగా కాకినాడ దారి పడితే ఇంజరం వస్తుంది. ఇప్పుడు బస్సులో కూర్చుని ఆ ఊరి బోర్డు చూసీచూడకుండా దాటిపోతాం. 1708లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకశాల పెట్టింది. దాన్ని ఫ్యాక్టరీ అనేవారు. అంటే యంత్రాలున్న మిల్లు కాదు, సరుకు కొని నిల్వచేసి ఓడకెక్కించే కోఠీ. ఇంజరంలో కొన్న సరుకు సన్నని పొడుగు బట్ట. ముప్పై గజాలు దాటిన ఆ తానులను ఇంగ్లీషువాళ్ళు లాంగ్ క్లాత్ అన్నారు. అటు అమలాపురానికి దక్షిణాన సముద్రపు ఒడ్డున బెండమూర్లంకలో, వశిష్ఠ ఒడ్డున నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలో కూడా కంపెనీకి ఇలాంటి కోఠీలు ఉండేవి. మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ళ నోట మడపొల్లం అయింది. ఊరి పేరు కాస్తా ఒక రకం నూలు బట్ట పేరుగా మారి వాళ్ళ నిఘంటువుల్లోకి ఎక్కింది.

ఈ కోఠీల కోసం యుద్ధాలు కూడా జరిగాయి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంజరం, బెండమూర్లంక, మాధవాయిపాలెం మూడింటినీ పట్టుకున్నాడు. మరుసటి ఏడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళు గెలిచాక ఈ ప్రాంతం తీరే మారిపోయింది. ఇదంతా మనం చరిత్ర పుస్తకంలో చదువుకున్నదే.

పుస్తకంలో లేనిది ఒకటుంది. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే నలుగురైదుగురు రాట్నం తిప్పాలి. నేసేవాడి పేరు కంపెనీ లెక్కల్లో ఉంటుంది, ఎందుకంటే వాడికి బయానా ఇచ్చారు. వడికిన ఆడవాళ్ళ పేర్లు ఆ లెక్కలకు ఎక్కలేదు. పత్తి ఏకి, ఏకులు చేసి, కదురు మీద సన్నని నూలు తీసిన చేతులు లేకపోతే ఇంజరంలో ఓడకెక్కించడానికి ఒక్క తాను కూడా ఉండేది కాదు. వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక జరిగే పని కాబట్టి దానికి పేరు పడలేదు.

చిరివేరు, నీలిమందు

బట్ట ఒక ఎత్తయితే, రంగు మరో ఎత్తు. మన తూర్పు తీరపు ఇసుక నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని వేరు మీది బెరడులో ఎరుపు ఉంటుంది. బట్టకు ముందు కరక్కాయ నీళ్ళు పట్టించి, పటికతో అద్ది, ఆ తరువాత చిరివేరు నీళ్ళలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, లేనిచోట ఉతుకులో పోతుంది. అందుకే ఆ ఎరుపును కావలసిన చోట పువ్వుగానూ తీగగానూ నిలపగలిగారు. నలుపు కావాలంటే తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో నానబెట్టి పులియబెడతారు. బందరు దగ్గర పెడన కలంకారీ అద్దకంలో ఈ పద్ధతులు చూడవచ్చు.

నీలిమందు సంగతి ఇంకా చిత్రం. నీలి తొట్టిలోంచి తీసిన నూలు మొదట పచ్చగా, పసరు రంగులో ఉంటుంది. గాలి తగలగానే కళ్ళముందే నీలంగా మారుతుంది. మొదటిసారి చూసిన పిల్లవాడు జన్మలో మరిచిపోడు.

ఉతికితే పోని ఈ రంగుల కోసం యూరపు ఎగబడింది. ఎంతగా అంటే, సొంత నేతగాళ్ళ గోల భరించలేక ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టల మీద నిషేధం పెట్టి 1759 వరకూ నడిపింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. చట్టాలతో ఆగనిది చివరకు ప్రయోగశాలల్లో ఆగింది. చిరివేరులో ఉన్న ఎరుపు పదార్థాన్ని 1869లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు తారునుంచి తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలి కూడా బజారుకొచ్చింది. అంతకు ముందే మాంచెస్టరు మిల్లు నూలు మన రాట్నాలను మూలన పెట్టింది. వేరు తవ్వినవాళ్ళు, రంగు కాచినవాళ్ళు, నూలు వడికినవాళ్ళు ఒక్కొక్కరే కూలిపనికి మళ్ళారు.

మళ్ళీ రాట్నం

ఆ మూలన పడిన రాట్నాన్ని మళ్ళీ అరుగు మీదికి తెచ్చింది స్వాతంత్ర్య ఉద్యమం. మనకు గౌతమి అవతలే ఉన్న ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారిని ఇక్కడ తలచుకోవాలి. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆమె సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా తిరిగి ఖద్దరు ప్రచారం చేశారు. 1922లో జైలుకు వెళ్ళారు. ఆమె సభల్లో మాట్లాడుతుంటే వినడానికి గడప దాటని ఆడవాళ్ళు కూడా వచ్చేవారట. రాట్నం ఉన్న ఇంట్లో స్త్రీకి తన చేతిపని దేశానికి సంబంధించిన పని అని ఎవరో బాహాటంగా చెప్పడం ఆ తరానికి కొత్త. గాంధీగారి రాట్నం ఎంత నూలు తీసిందన్న లెక్క ఒకటైతే, ఆడవాళ్ళ పనికి బజారులో ఒక పేరు తెచ్చిందన్నది రెండో లెక్క. నా దృష్టిలో రెండోదే పెద్దది.

కొక్కెం సూది కథ

ఈలోగా వశిష్ఠ పాయ దగ్గర మరో కథ మొదలైంది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు కుటుంబాలతో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. అప్పటికి ఈ జిల్లాలు నందన నామ సంవత్సరపు డొక్కల కరువు దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట రావడానికి మరో పదహారేళ్ళుంది. తరువాతి దశాబ్దాల్లో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకు, ముఖ్యంగా కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన దళిత స్త్రీలకు, కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. దారం సముద్రం దాటి అక్కడినుంచి వచ్చేది. అల్లిన లేసు సముద్రం దాటి అక్కడికే పోయేది. ఒకప్పుడు ప్రపంచానికి నూలు బట్ట పంపిన తీరం అప్పటికి పరాయి దారం అల్లి బతికే స్థితికి వచ్చింది.

సరిగ్గా అదే కాలంలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి 1845 నుంచి ఘోరమైన కరువు వచ్చింది. అక్కడ క్రైస్తవ సన్యాసినులు పల్లె ఆడపిల్లలకు ఇదే కొక్కెం సూది పని నేర్పి ప్రాణాలు నిలిపారు. ఐరిష్ లేసు అని దానికి పేరొచ్చింది. రెండు చోట్లా సూది ఒకటే, ఆకలి ఒకటే. భూమి లేని ఇంటికి, పెట్టుబడి లేని చేతికి చెల్లిన విద్య అది. రెండు సూదులతో ఊలు అల్లే స్వెట్టరు పని మన ఉక్కపోతకు పనికిరాలేదు గానీ, ఒక్క సూదితో నూలు దారం అల్లే లేసు మాత్రం గోదావరి గాలికి చక్కగా అతికింది.

నరసాపురం, పాలకొల్లు నుంచి రాజోలు, అమలాపురం వైపు కూడా ఈ పని పాకింది. క్రైస్తవ స్త్రీల దగ్గర మొదలైనది కాపు ఇళ్ళలోకి వచ్చింది. గడప దాటి పొలానికి పోతే పరువు తక్కువ అనుకున్న ఇళ్ళలో లేసు అల్లితే పరువు తగ్గేది కాదు. ఆ పరువు మాటునే పని విలువ కూడా తగ్గిపోయింది. పని ముక్కలు ముక్కలుగా పంచారు. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అంచు అల్లుతారు, మరొకరు అతుకు పని చేస్తారు. తన చేతిలో పువ్వు ఏ టేబులు గుడ్డలో, ఏ దేశంలో, ఎవరి భోజనాల బల్ల మీద పరుస్తారో అల్లినామెకు తెలియదు. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, తూకం చూసి పని తీసుకుపోతాడు. కూలి దారం లెక్కన కట్టేవారు, పట్టిన పొద్దు లెక్కన కట్టేవారు కారు.

1970ల చివరలో మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి ఈ ఇళ్ళలో కూర్చుని లెక్కలు తీశారు. 1982లో ఆమె పుస్తకం వెలువడింది. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీకి, వ్యవసాయ కూలికి వెళ్ళే స్త్రీకి చట్టం చెప్పిన కనీస కూలిలో మూడో వంతు కూడా దక్కడం లేదని ఆమె తేల్చారు. ఎగుమతి పెరిగేకొద్దీ వ్యాపారం మగవాళ్ళ చేతికి పోయింది. మునుపు ఏజెంట్లుగా తిరిగిన ఆడవాళ్ళు కూడా వెనక్కిపోయారు. ఇంత చేసే స్త్రీని ఏం చేస్తారమ్మా అంటే "గృహిణి" అనే రాశారు. గృహిణి అన్న ఆ మాటే కూలి తక్కువ ఇవ్వడానికి సాకు అయిందని ఆమె వాదన. తీరిక వేళ చేసే పనికి కూలి అడగడమేమిటి అన్నది ఎదుటివాడి మాట. ఆ పుస్తకం ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాల్లో పాఠ్యగ్రంథం. మన గోదావరి అరుగుల గురించి లోకం చదువుకుంది. మన పాఠాల్లో మాత్రం అది రాలేదు.

బడిలో చేతిపని

బడికి ఈ చరిత్రతో సంబంధం లేదనుకోవద్దు. 1937లో వార్ధాలో గాంధీగారు ప్రతిపాదించిన బునియాదీ విద్యకు కేంద్రం చేతివృత్తే. నూలు వడుకుతూ లెక్కలు, పత్తి చూసి భూగోళం నేర్పాలన్నారు. 1952-53లో మన కర్నూలులో పుట్టిన లక్ష్మణస్వామి మొదలియార్ గారి అధ్యక్షతన కూర్చున్న కమిషన్ ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థి ఒక చేతివృత్తి నేర్చుకోవాలంది. 1966లో కొఠారీ కమిషన్ "పని అనుభవం" అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని "సమాజోపయోగ ఉత్పాదక కృత్యం" చేసింది. పేరు పెరిగేకొద్దీ పీరియడు తగ్గింది. చివరకు పరీక్షలో మార్కులు లేని పీరియడుగా, లెక్కల మేష్టారు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడుగా మిగిలింది.

అయినా మనలో ఆడపిల్లలు వైరు బుట్టలు అల్లారు. ఊలుతో పూలు కట్టారు. గుమ్మానికి పూసల తోరణం, దిండు గలీబు మీద గొలుసు కుట్టు, రేడియో మీద కప్పడానికి లేసు గుడ్డ చేశారు. మగపిల్లలు కొబ్బరి ఈనెలతో చీపుర్లు కట్టారు, తాడు పేనారు. ఆ రోజుల్లో అది చదువు కాదు అనుకున్నాం. కొలత, లెక్క, సమరూపత, ఓపిక, తప్పు పోతే విప్పి మళ్ళీ అల్లడం అన్నీ అందులో ఉన్నాయి. ఒక లేసు పువ్వులో ఆరు రేకులు సమంగా రావాలంటే మొదటి గొలుసులో ఎన్ని కుట్లు పడాలో లెక్క కట్టాలి. ఆ లెక్క తప్పనివాళ్ళు గణితంలో నూటికి ముప్పై తెచ్చుకుని మొద్దులన్న పేరు మోశారు.

తుఫాను తరువాత, ఇప్పుడు

1996 నవంబరు 6 రాత్రి మనం ఎవరమూ మరువలేం. ఆ తుఫానుకు మన ప్రాంతంలో మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, కొబ్బరి తోటలు చాపచుట్టలా పడిపోయాయి. కొత్త మొక్క నాటితే కాపు రావడానికి ఏళ్ళు పడుతుంది. అప్పుడు అందరికీ అర్థమైంది, చెట్టు మీద ఆధారపడిన ఇంటికి చేతిలో ఇంకో విద్య ఉండాలని. చేతిలో విద్య గాలికి కూలదు.

ఇప్పుడు చేతిపనికి కాస్త మంచి రోజులు వచ్చినట్టు కనబడుతోంది. ఇంట్లో ఆడవాళ్ళ చేతిమీదుగా నడిచే మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024లో నరసాపురం లేసుకు దక్కింది. ఆ గుర్తింపు వల్ల యంత్రం మీద అల్లిన సరుకును నరసాపురం లేసని అమ్మితే తప్పని చెప్పే హక్కు వస్తుంది. అది చిన్న విషయం కాదు. చైనా యంత్రపు లేసు బజారు నింపేశాక చేతి లేసు అల్లేవాళ్ళ ధర బాగా పడిపోయింది. అయితే పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన కూలికి రక్షణ దొరకదు. పొద్దుకు ఎంత గిట్టుతోంది అన్న మీస్ ప్రశ్న నలభై ఏళ్ళ తరువాత కూడా అడగాల్సిందే.

సహజ రంగులకు కూడా మళ్ళీ గిరాకీ వచ్చింది. కొబ్బరి డొక్క ఉడికించిన నీళ్ళలో పటిక పట్టించిన నూలు ముంచితే చక్కని గోధుమ రంగు వస్తుంది. దానిమ్మ తొక్కతో పసుపు, దానికే కాస్త తుప్పునీరు తగిలితే బూడిద రంగు. మన ఊళ్ళో కాలవ గట్ల మీద కుప్పలు పడే డొక్కను వేరే ఊరివాళ్ళు రంగుగా కొనుక్కునే రోజు రాకముందే మన బడి పిల్లలు దాన్ని ఒక గిన్నెలో ఉడికించి చూడవచ్చు. సైన్సు పీరియడుకు అంతకంటే చవకైన ప్రయోగం లేదు.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘానికి మూడు మాటలు విన్నవించుకుంటున్నాను. ఒకటి: బడి గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా పెట్టి, మన ఇళ్ళ పెట్టెల అడుగున పడున్న లేసు ముక్కలు, కుట్టు గుడ్డలు, తాటాకు బుట్టలు సేకరించి, ప్రతి దాని పక్కన అది చేసినామె పేరు రాసి ఉంచుదాం. ఏ వ్యాపారి కొన్నాడు అన్నది అక్కర్లేదు, చేసినామె పేరు చాలు. రెండు: నెలకు ఒక్క పూట అల్లిక తెలిసిన పెద్దలను బడికి పిలిచి పిల్లలకు నేర్పిద్దాం. ఉచితంగా వద్దు, గౌరవ వేతనం ఇద్దాం. ఇన్నాళ్ళ చరిత్ర చెప్పిన గుణపాఠం అదే కదా. నేర్చుకునేవాళ్ళలో ఆడపిల్లలతో పాటు మగపిల్లలు కూడా ఉండాలి.

మూడోది ఖర్చు లేనిది. ఈ సంచిక చేతికందిన రోజున మీ అమ్మనో, అత్తనో, అక్కనో, మేనత్తనో అడగండి: ఏం అల్లేవారు, ఎవరు నేర్పారు, ఒక పొద్దుకు ఎంత వచ్చేది, ఆ డబ్బు దేనికి ఖర్చయింది? జవాబు తారీఖు వేసి ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితాలు సంఘానికి పంపితే వాటితో ఇంకో సంచిక వేసుకోవచ్చు. అడగడానికి వాళ్ళు లేని ఇళ్ళలో, మీకు గుర్తున్నంతవరకూ మీరే రాయండి. ఆలస్యమైతే ఆ మాత్రం కూడా గుర్తుండదు.